కోనసీమ దారులకు టూరింగ్ బండి: ఎక్స్‌ట్రా ఫిట్టింగుల ఎంపిక

సామానుతో, వెనక ఇంకో మనిషితో, రోజుకు మూడు నాలుగు వందల కిలోమీటర్లు నడుము పట్టేయకుండా తిరగడానికి తయారైన బండి టూరింగ్ మోటారుసైకిల్. కంపెనీ ఇచ్చిన బండికి తరవాత కొనుక్కుని తగిలించే ఇంజిన్ గార్డు, సామాను పెట్టెలు, అదనపు లైట్లు, సీటు, చార్జరు వంటివాటినీ, నడిపేవారు ఒంటి మీద వేసుకునే హెల్మెట్, జాకెట్టు, బూట్లనూ కలిపి యాక్సెసరీస్ అంటారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట మెకానిక్ షెడ్లలో వీటికి వాడుక మాట ‘ఎక్స్‌ట్రా ఫిట్టింగులు’. వీటిని అమ్మే కంపెనీల కేటలాగుల్లో బండి ఎప్పుడూ లడఖ్ కొండల మధ్య, ఎండిన మట్టిలో, ఒంటరిగా నిలబడి ఉంటుంది. కోనసీమ బండికి కొండ కనిపించేది సెలవుల్లోనే. ఇక్కడ దాని రోజువారీ బతుకు నీటితో, ఉప్పుగాలితో, వెనక సీటు మీద చీరకట్టుతో. ఎంపిక లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

దారులు

గౌతమి, వసిష్ఠ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ముక్కోణపు నేల కోనసీమ. మధ్యలో వైనతేయ దాన్ని మళ్లీ చీలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న విడిగా జిల్లా అయింది, ఆ ఏడాదే దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు; ముఖ్యపట్టణం అమలాపురం. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట (1847–1852) కట్టించాక పారిన కాలువలే ఇక్కడి ఊళ్లకు ఆనవాళ్లు. లోపలి రోడ్లు చాలావరకు కాలువగట్ల మీదే నడుస్తాయి: ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కొబ్బరితోట లేదా వరిచేను, మధ్యలో ఒక బస్సు, ఒక బండి ఒకదాన్నొకటి ఒరుసుకుని పోయేంత తారు. గట్టు అంచున చాలాచోట్ల పిట్టగోడ ఉండదు.

బయటికి పోవడానికి ప్రధానంగా మూడు దిక్కులు. తూర్పున 216వ నంబరు జాతీయ రహదారి ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక చేరి, లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టిన వంతెన మీద గౌతమిని దాటి యానాం, కాకినాడ వైపు పోతుంది. పడమర అదే రహదారి బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన మీద వైనతేయనూ, రాజోలు దాటాక దిండి–చించినాడ వంతెన మీద వసిష్ఠనూ దాటుతుంది. ఉత్తరాన కొత్తపేట మీదుగా రావులపాలెం వెళ్తే చెన్నై–కోల్‌కతా పాత హైవే. అక్కడి నుంచి రాజమహేంద్రవరం, రంపచోడవరం, మారేడుమిల్లి ఘాటు, చింతూరు. అరకు, లంబసింగి వెళ్లేవారు విశాఖ దిక్కున పోతారు. వంతెన లేనిచోట పంటు, అంటే బండ్లనూ దాటించే పెద్ద పడవ, ఉంది. సఖినేటిపల్లి రేవులో బండిని పంటెక్కిస్తే వసిష్ఠ అవతల నరసాపురంలో దిగుతుంది. ముక్తేశ్వరం రేవు నుంచి గౌతమి అవతల కోటిపల్లికీ అంతే. గోదావరికి వరదొస్తే పంట్లు ఆగిపోతాయి.

బయటి దుకాణం నుంచి కంపెనీ గేటు లోపలికి

ఫిట్టింగుల చరిత్రలో పెద్ద భాగం కంపెనీలు చేయని పనిని బయటివాళ్లు చేసి చూపించడమే. అమెరికాలో క్రెయిగ్ వెటర్ 1971లో ‘విండ్‌జామర్’ అనే ముందు తొడుగును అమ్మడం మొదలుపెట్టాడు. ఏ బండికైనా బిగించుకుని గాలినీ వాననూ తప్పించుకోవచ్చు. హోండా గోల్డ్ వింగ్ 1970ల నడుమ వచ్చినప్పుడు దానికి ముందు తొడుగూ లేదు, పెట్టెలూ లేవు. కొన్నవాళ్లు వెటర్ తొడుగులు తెచ్చుకుని బిగించుకోవడం చూశాక, 1980లో హోండాయే తొడుగూ పెట్టెలూ బిగించిన ‘ఇంటర్‌స్టేట్’ను తెచ్చింది. ఇటలీలో ఒకప్పటి రేసర్ జుసెప్పే విజెంజి 1978లో స్థాపించిన గివి పేరు ఈనాడు సామాను పెట్టెకు మారుపేరులా అయిపోయింది.

మన దేశంలోనూ కథ అదే తోవ. మద్రాసులో 1955 నుంచి బుల్లెట్ తయారైనా దానికి క్యారియరు, కాళ్ల గార్డు, పక్క సంచీ తయారుచేసింది ఊళ్లలోని వెల్డింగు షాపులూ, సీటు కుట్టేవాళ్లూ. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వచ్చినప్పుడు సామాను కట్టుకునే చట్రాలు బండి రూపులోనే కలిసిపోయాయి. 2021లో బజాజ్ డామినార్ 400కు చేతి గార్డులు, పొడవైన అద్దం, ఇంజిన్ కింది రేకు, వెనక క్యారియరు కంపెనీయే బిగించి అమ్మింది. బెంగళూరు వయాటెరా, గార్డియన్ గేర్స్ వంటి సంస్థలు మన వానలకు తగ్గ సంచులు కుడుతున్నాయి. అయినా బండికీ సంచికీ మధ్య వచ్చే చిన్న క్లాంపు విరిగితే ఈనాటికీ దిక్కు వెల్డింగు షాపే.

సామాను కట్టడంలో కోనసీమ ఎవరి దగ్గరా నేర్చుకోవలసింది లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. రావులపాలెం మార్కెట్టుకు సైకిళ్ల మీద అరటి గెలలు వచ్చే తీరు చూడండి. గెలలు రెండు పక్కలా సరిసమంగా, వీలైనంత కిందికి, వెనక చక్రం ఇరుసుకు దగ్గరగా వేలాడతాయి. పైన ఏమన్నా ఉంటే తేలిక సరుకే. జర్మనీ పెట్టెల కంపెనీ పుస్తకంలో బొమ్మలు వేసి చెప్పేది ఇదే.

బరువు లెక్క

కొత్త బండి వచ్చిన వారం రోజుల్లో జరిగే తప్పు ఒకటుంది. ఏమేం తగిలించాలో జాబితా రాసుకుంటారు కానీ బండి ఎంత మోయగలదో చూసుకోరు. బండి పుస్తకంలో రెండు అంకెలు ఉంటాయి: పెట్రోలుతో కలిపి బండి సొంత బరువు, అన్నిటితో కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు. రెండింటి తేడాయే మన వాటా. ఉదాహరణకు సొంత బరువు 195 కిలోలు, గరిష్ఠం 370 కిలోలు ఉన్న బండి తీసుకుందాం. తేడా 175. నడిపేవాడు 75, వెనక కూర్చునేవారు 60, మిగిలింది 40. ఇద్దరి హెల్మెట్లు, జాకెట్లు, బూట్లకు ఓ 10 పోతే 30. ఇంజిన్ గార్డు 5, పెట్టెలు తగిలించే చట్రం 5, మూడు రేకు పెట్టెలు కలిపి 15 అనుకుంటే ఇక మిగిలింది 5 కిలోలు. నాలుగు రోజుల అరకు ప్రయాణానికి ఇద్దరి బట్టలు, పూతరేకుల డబ్బా, టూల్సు అన్నీ ఆ 5 కిలోల్లో సర్దాలి. రేకు పెట్టెల బదులు గుడ్డ సంచులు వాడితే పది కిలోల దాకా వెనక్కి వస్తుంది.

వెనక పెట్టె విషయంలో ఇంకో లెక్క. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 1.4 మీటర్లు ఉన్న బండికి, 10 కిలోల పెట్టె వెనక ఇరుసు దాటి 40 సెంటీమీటర్లు వెనక వేలాడితే, ముందు చక్రం మీది భారం సుమారు 3 కిలోలు తగ్గుతుంది. చదును రోడ్డు మీద ఇది తెలియదు. మారేడుమిల్లి ఘాటు ఎక్కుతూ, వెనక మనిషి ఉండగా, తడి మలుపులో హ్యాండిల్ తేలికగా తిరుగుతున్నట్టు అనిపిస్తే కారణం ఇదే. బరువైనవి పక్క సంచుల అడుగున, తేలికైన రెయిన్‌కోటు, టవల్ లాంటివి వెనక పెట్టెలో అన్నది అందుకే. కేంద్ర రవాణా శాఖ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వెనక డబ్బా పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు మించకూడదు; డబ్బా వెనక సీటు స్థలంలోనే పెడితే నడిపేవాడు ఒక్కడే ప్రయాణించాలి.

బరువు పెరిగితే వెనక చక్రం గాలి, వెనక స్ప్రింగు బిగువు కూడా పుస్తకం చెప్పినంత పెంచాలి. ఇది పైసా ఖర్చు లేని ఫిట్టింగు. అందుకేనేమో ఎవరూ పట్టించుకోరు.

ఎడమ పక్క పెట్టె

కేటలాగులు మాట్లాడని విషయం ఇది. ఇక్కడ మాత్రం నిర్ణయం చాలాసార్లు దీని మీదే తేలుతుంది. టూరింగ్ బండి కొన్న ఇల్లాయన దాన్ని ఏడాదికి మూడు నాలుగు సార్లు ఘాటు ఎక్కిస్తాడు. మిగిలిన రోజుల్లో ఆ బండి మీదే భార్య పెళ్లికీ, పేరంటానికీ, అంతర్వేది తీర్థానికీ వస్తుంది. చీరకట్టుతో ఒక పక్కకు కూర్చుంటే కాళ్లు వచ్చేది ఎడమ వైపే. కంపెనీ అటు శారీ గార్డు, పాదం పెట్టుకునే పలక ఇస్తుంది. ఇది కంపెనీ దయ కాదు, కేంద్ర మోటారు వాహన నియమావళి (1989) 123వ నియమం అడిగేదే: వెనక మనిషి కూర్చునే ఏర్పాటున్న బండికి చేతి పట్టు, పాదానికి ఆధారం, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే అడ్డు ఉండాలి.

చాలా పక్క చట్రాలు బిగించాలంటే శారీ గార్డు ఊడదీయాలి. షాపువాడు దాన్ని ఊడదీసి ‘ఇప్పుడు బండికి లుక్కొచ్చిందండి’ అని చేతిలో పెడతాడు. అది ఇంటి అటక మీదకు చేరుతుంది. ఆ తరవాత చున్నీ కొంగో, చీర చెంగో చువ్వల్లో, గొలుసులో చిక్కుకునే ప్రమాదాన్ని ఎవరు కొన్నట్టు? అందుకని చట్రం కొనేముందు మూడు విషయాలు అడగాలి. శారీ గార్డు ఉండగానే బిగుస్తుందా? లేదంటే ఆ చట్రమే చక్రాన్ని అంత మేరా కప్పుతుందా? పెట్టె తీసేశాక ఎడమ పాదానికి చోటు మిగులుతుందా? ఒక్క తాళంతో ఊడివచ్చే పెట్టెలు, బకిల్సుతో కట్టే గుడ్డ సంచులు ఇక్కడ పనికొచ్చేది ఇందుకే. ప్రయాణం రోజున పెడతారు, మర్నాడు తీసేస్తారు. ఎప్పటికీ ఉండేలా బోల్టులతో బిగించే రేకు పెట్టెలు ఒంటరిగా తిరిగేవారికి సరే.

పెట్టెల వెడల్పు ఇంకో తంటా. రెండు పక్కలా పెట్టెలున్న బండి హ్యాండిల్ కంటే వెడల్పు అయిపోవచ్చు. ముందు దూరిన సందులో వెనక ఇరుక్కుంటుంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం జనంలోకి అలాంటి బండితో పోయినవాడు అటూ ఇటూ మోకాళ్లకు సంజాయిషీ చెప్పుకుంటూ నడపాలి. పంటు మీద సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ బండికీ బండికీ మధ్య బెత్తెడు చోటుంటే గొప్ప.

వెనక కూర్చునేవారికి ఆనుకునే దిండు (బ్యాక్‌రెస్ట్) మంచి కొనుగోలు. వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో వెనక మనిషి అలసిపోతే నడిపేవాడికి ఆ అలసట భుజాల మీద తెలుస్తుంది. సీటు మాత్రం మొదటి నెలలో మార్చకూడదు. కొత్త నురుగు ఒదగడానికి వెయ్యి కిలోమీటర్లన్నా పడుతుంది. అప్పటికీ నొప్పిగా ఉంటే గాలి నింపే పై దిండు కొనవచ్చు, లేదా సీటు కుట్టేవాళ్ల దగ్గర నురుగు మార్పించవచ్చు. పిల్లలతో తిరిగేవారు గుర్తుంచుకోవలసిన నిబంధన ఒకటి 2022 ఫిబ్రవరిలో ప్రకటించి ఏడాది తరవాత అమల్లోకి తెచ్చారు: నాలుగేళ్లలోపు బిడ్డకు నడిపేవారితో కలిపి కట్టే సేఫ్టీ హార్నెస్, బిడ్డ తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. కోనసీమలో ఎక్కడా దొరకనంత అరుదైన ఫిట్టింగు ఈ హార్నెస్సే కావచ్చు.

తడి, ఉప్పు

జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసిన సంగతి పెద్దవాళ్లకు నిన్నటిలాగే ఉంటుంది. ఈ ఆరు నెలలు సంచీ మీద ‘వాటర్ రెసిస్టెంట్’ అని రాసి ఉంటే దాన్ని ‘తడుస్తుంది’ అని చదువుకోవాలి. పూర్తిగా నీరాగే సంచికి కుట్లు ఉండవు, అతుకులు వేడితో కరిగించి అంటిస్తారు, మూతిని మూడు నాలుగు మడతలు చుట్టి బకిల్ పెడతారు. పైన వేసే రెయిన్ కవరు వంద కిలోమీటర్ల గాలికి ఎగిరిపోతుంది. చవకగా పని జరగాలంటే లోపల మందపాటి పాలిథిన్ సంచీ పెట్టుకోవడమే. ఎరువుల బస్తా లోపలి కవరు దీనికి దివ్యంగా సరిపోతుంది.

ఉప్పుగాలి తడి కంటే నెమ్మదిగా, లోతుగా కొరుకుతుంది. ఓడలరేవు, అంతర్వేది, చిర్రయానాం వైపు ఊళ్లవారికి ఇది కొత్త కాదు. కిటికీ చువ్వలు ఏమవుతాయో రోజూ చూస్తూనే ఉంటారు. మామూలు ఇనుప గొట్టానికి పౌడర్ కోటింగు వేసిన గార్డు మీద ఒక్క గీత పడితే ఆ గీత నుంచి తుప్పు కోటింగు కిందకు పాకుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదు ఎక్కువైనా తీరం దగ్గరివారికి చివరికి అదే చవక. స్టెయిన్‌లెస్ గార్డుకు మామూలు ఇనుప బోల్టులు బిగించి ఇస్తే ఆ బోల్టులే మొదట పోతాయి, కాబట్టి బోల్టుల రకం అడిగి చూడాలి. సంచులకు లోహపు జిప్పు కంటే ప్లాస్టిక్ జిప్పు మేలు. బీచీకి వెళ్లివచ్చిన రోజే బండిని మంచినీళ్లతో కడగాలి. ఈ పనికి ప్రెషర్ పంపు అక్కర్లేదు. దాని ధాటికి బేరింగుల్లోకి, కనెక్టర్లలోకి నీళ్లు పోతాయి.

గొలుసుకు నూనె వేయడానికి చాలామంది పాటించే లెక్క 500 కిలోమీటర్లకోసారి. వానలో తిరిగితే ఆ సాయంత్రమే వేయాలి. ఈ పనికి సెంటర్ స్టాండు ఉండితీరాలి. టూరింగ్ బండ్లు కొన్నిటికి అది కంపెనీతో రాదు, విడిగా కొనాలి. పంచరు వేసేటప్పుడూ, వెనక చక్రం విప్పేటప్పుడూ దాని విలువ తెలుస్తుంది.

లైట్లు, కరెంటు

రాత్రి కాలువగట్టు మీద బండి లైటు మొదట చూపించవలసింది దూరాన్ని కాదు, అంచుని. తారు ఎక్కడ అయిపోయి నీళ్లు ఎక్కడ మొదలవుతాయో తెలియాలి. సార్వా, దాళ్వా కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. రొయ్యల లారీల నుంచి కారిన ఐసు నీళ్లు తారును జారుడుబల్ల చేస్తాయి. మొదటి వానల తరవాత సాయంత్రాల్లో ఉసిళ్లు లేచి హెల్మెట్ అద్దానికి అంటుకుంటాయి. ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలువ మీది మంచు రోడ్డు మీదకు పాకుతుంది. ఇన్నిటికీ దూరం కొట్టే స్పాట్ లైట్ల జత కంటే కిందుగా బిగించిన, వెడల్పుగా పరిచే ఫాగ్ లైట్ల జత ఉపయోగం. మంచులో తెల్లని కాంతి ఎదురుగా గోడలా నిలబడుతుంది. పసుపుపచ్చ కాంతి కంటికి తక్కువ ఇబ్బంది.

ఒక్కో లైటు 40 వాట్లు అనుకుంటే జతకు 80 వాట్లు. 12 వోల్టుల మీద సుమారు 6.7 ఆంపియర్లు. దీనికి ఫోను చార్జరు కలిస్తే చిన్న బండి ఆల్టర్నేటరు నెమ్మదిగా పోయేటప్పుడు వెనకబడుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. కాబట్టి లైట్లు బ్యాటరీ నుంచి విడి రిలే, విడి ఫ్యూజు ద్వారా రావాలి. తాళం తీస్తే ఆగిపోవాలి. హెడ్‌లైటు వైరు కోసి అతికిస్తే రెండు నష్టాలు: ఆ వైరు అంత భారం మోయదు, కంపెనీ వారంటీ కూడా చిక్కులో పడుతుంది. కపులరుతో తగిలేవి కొంటే ఏ వైరూ కోయనక్కర్లేదు. అతుకుల్లో డైఎలెక్ట్రిక్ గ్రీజు పెట్టించుకోవాలి. ఇన్సులేషన్ టేపు కోనసీమ వానకు ఒక్క సీజను ఆగితే గొప్ప. ఎదురు బండివాడి కళ్లలో పడకుండా లైట్లు కిందికి వంచి బిగించడం, ఊళ్లలో ఆపేయడం మర్యాద.

ఫోను పట్టీ కొనేవారు ఒకటి తెలుసుకోవాలి. పెద్ద ఇంజిను మోటారుసైకిళ్ల అదురు ఫోను కెమెరాలోని స్థిరీకరణ భాగాలను పాడుచేయవచ్చని 2021 సెప్టెంబరులో ఆపిల్ సంస్థే హెచ్చరించింది. అదురు పీల్చే రబ్బరు డ్యాంపరు ఉన్న పట్టీ కొంటే కొంత మేలు. దారి తెలిసిన చోట ఫోను జేబులో ఉంటే అసలు గొడవే లేదు.

పడితే

బండి పడేది హైవే మీద కంటే నిలబడి ఉన్నప్పుడే ఎక్కువ. సైడ్ స్టాండు మొన గోదావరి ఇసుకలోకి, వానకు నానిన గట్టు మట్టిలోకి దిగిపోతుంది. బండి మెల్లగా ఒరిగిపోతుంది. దీనికి విరుగుడు సైడ్ స్టాండు కింద బిగించే అరచేయంత రేకు పాదం. ఈ ప్రాంతానికి ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పనికొచ్చే ఫిట్టింగు ఇంకోటి లేదు. అదీ లేనివాళ్లు కొబ్బరి డొక్క పెడతారు, పనీ జరుగుతుంది.

ఇంజిన్ గార్డు కొనేటప్పుడు లావు చూసి మోసపోకూడదు. అది బండి చట్రానికి ఎన్ని చోట్ల పట్టి ఉందన్నది ముఖ్యం. ఒకటి రెండు చోట్ల మాత్రమే పట్టిన లావు గార్డు గట్టిగా పడినప్పుడు చట్రాన్నే వంచేస్తుంది. ఇంజిన్ కింది రేకు ఇక్కడి స్పీడు బ్రేకర్లకు, ఘాటు రాళ్లకు పనికొస్తుంది. నీళ్లతో చల్లబడే ఇంజినుకు రేడియేటర్ జాలీ మంచిదే. జాలీలో బురద నిండితే ఇంజిను వేడెక్కుతుంది, కడుగుతూ ఉండాలి. చేతి గార్డులు లివర్లను కాపాడతాయి, వానలో వేళ్లకు చలి తగలనివ్వవు.

పంటెక్కించేటప్పుడు ఇవన్నీ ఒక్కసారిగా పరీక్షకు వస్తాయి. రేవు దిగుడు వాలుగా, తడిగా ఉంటుంది. చెక్కల మీద పాచి. వెనక మనిషిని దించి, పక్క సంచులు తీయగలిగితే తీసి, మొదటి గేరులో నిదానంగా ఎక్కించాలి. ఎక్కాక ఇంజిను ఆపి గేరులోనే ఉంచి, ముందు బ్రేకు పట్టుకుని బండి పక్కనే నిలబడాలి. ‘ఆయ్, స్టాండేసి ఎళ్లిపోకండి, అవతల అల తగిలితే పడిపోద్దండి’ అని పంటువాళ్లు చెప్పేది వినాలి.

ఒంటి మీద వేసుకునేవి

వరుసలో ఇది మొదట రావలసింది. కొనుగోళ్లలో చివర వస్తుంది కాబట్టి ఇక్కడికి వచ్చింది. బండి మీద లక్షలు పోసి, లైట్ల మీద వేలు పోసి, హెల్మెట్ దగ్గర బేరమాడేవారు చాలామంది. హెల్మెట్‌కు ఐఎస్ 4151 ప్రకారం ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేనివి అమ్మడమే నేరం. ఐరోపా ఈసీఈ 22.06 ప్రమాణం కూడా ఉంటే ఇంకా మంచిది. ప్రమాణం ఎంత గొప్పదైనా తలకు బిగువుగా కూర్చోకపోతే, దవడ కింద పట్టీ పెట్టకపోతే వృథా. వెనక మనిషికీ చట్టం అదే. కేవలం నడిపేవాడికి ఖరీదైన హెల్మెట్ కొని, వెనకావిడకు సగం తల కప్పే టోపీ ఇచ్చే పద్ధతి మానాలి.

జాకెట్టు విషయంలో ఉత్తర దేశపు సలహాలు ఇక్కడ పనికిరావు. ఏప్రిల్, మేలలో ఉక్కపోతకు మందపాటి తోలు జాకెట్టు వేసుకున్నవాడు రావులపాలెం చేరేలోగా సొమ్మసిల్లుతాడు. గాలి ఆడే జాలీ జాకెట్టు, భుజం, మోచేయి, వీపు దగ్గర కవచాలు, వాన కోసం పైన వేసుకునే విడి రెయిన్‌కోటు ఇక్కడి వాతావరణానికి కుదురుతాయి. రెయిన్‌కోటు జాకెట్టు లోపల వేసుకునే రకమైతే జాకెట్టే తడిసి బరువెక్కుతుంది. శీతాకాలంలో తెల్లవారుజామున చలి వణికించే లంబసింగికి వెళ్తే లోపల ఒక స్వెట్టరు చాలు. వేడిచేసే హ్యాండిల్ పట్టీలు, వీపున మోసే నీళ్ల సంచీ మన దారుల్లో అనవసరం. మలుపు మలుపుకూ బొండాలు కొట్టేవాళ్లు ఉన్న నేల ఇది.

చీలమండ దాటే బూట్లు, వేళ్లన్నీ కప్పే గ్లవ్సు లేకుండా ఘాటు ఎక్కకూడదు. చెప్పులతో బండి నడపడం ఇక్కడ అలవాటు. పంటు చెక్కల మీద జారినప్పుడే ఆ అలవాటు ఖరీదు తెలుస్తుంది.

టైర్లు, పనిముట్లు

ట్యూబ్‌లెస్ టైరుకు రబ్బరు పూత తాడు ముక్కతో మూసే పంచరు కిట్టు, చిన్న గాలి పంపు చాలు. రోడ్డు పక్కనే పది నిమిషాల పని. చువ్వల చక్రాలకు చాలావాటికి ట్యూబులుంటాయి. వాటికి ముందు, వెనక చెరొక ట్యూబు వెంట ఉండాలి, టైరు ఊడదీసే లివర్లూ ఉండాలి. కోనసీమలో సెంటరు సెంటరుకూ పంచరు షాపు ఉంటుంది. మారేడుమిల్లి దాటాక చింతూరు దాకా అడవిలో ఆ ధీమా ఉండదు. కంపెనీ ఇచ్చే పానాల సంచీలో వెనక ఇరుసు నట్టుకు సరిపడే పానా ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి. క్లచ్చి వైరు, ఒక ఫ్యూజు, నాలుగు జిప్ టైలు, ఒక గజం కొబ్బరి తాడు. తాడు ఎందుకని అడిగేవారికి కోనసీమవారు సమాధానం చెప్పరు.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అనుమతించదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని ఖరాఖండిగా చెప్పింది. బోల్టులతో బిగించి తీసేయగల గార్డులు, సంచులు వేరు. చట్రం కోసి వెల్డింగు చేయడం, సైలెన్సరు మార్చి చప్పుడు పెంచడం వేరు. రకరకాల స్వరాలు పలికే హారను 119వ నియమం ప్రకారం నిషిద్ధం. శారీ గార్డు తీసేయడమూ నియమం మీరడమేనని ముందే చెప్పుకున్నాం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్లకు జీఎస్టీ 18 శాతం, ఆపైన 40 శాతం అయ్యాక చాలామంది చూపు 350 సీసీ వైపు తిరిగింది; మిగిలిన డబ్బు ఫిట్టింగులకు పోయే అవకాశం ఉంది కాబట్టి ఇక్కడ చెప్పవలసి వచ్చింది. ఆ ఫిట్టింగుల బిల్లులు దాచుకుని, బీమా కట్టేటప్పుడు వాటి విలువ విడిగా రాయించాలి. పాలసీలో లేని పెట్టె బండితో పాటు పోతే దానికి పైసా రాదు.

బండి ముసుగు కొనేవారు గాలి ఆడే గుడ్డ రకం తీసుకోవాలి. ప్లాస్టిక్ ముసుగు కింద చెమ్మ నిలిచి తుప్పును పెంచుతుంది. ముసుగు వేసినా వేయకపోయినా బండిని దింపు తీయని కొబ్బరిచెట్టు కింద పెట్టకూడదు. ఎండుకాయ రాలితే పెట్రోలు ట్యాంకుకు పడే సొట్టను ఆపే గార్డు ఏ కంపెనీ దగ్గరా లేదు.